కథలు చదివి రికార్డు చేయడానికి ఆడాసిటీనా, రీపరా?

"కథలు చదివి యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నా. సౌండ్ బాగా రావాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి?" నేను ఇంట్లో గొంతు రికార్డు చేస్తుంటానని తెలిసినవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. ఈమధ్య ల్యాప్‌టాప్ మార్చినప్పుడు, నేను వాడే ఆడాసిటీ, రీపర్ అనే రెండు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లలో దేన్ని ఉంచుకోవాలో, దేన్ని వదిలేయాలో నేనూ మళ్లీ తేల్చుకోవాల్సి వచ్చింది. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ప్రశ్నలోని "సౌండ్" సంగతి. ఒకే గదిలో, ఒకే మైకుతో, ఒకే నాణ్యత సెట్టింగ్ (44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్) పెట్టి ఉచితంగా వచ్చేదాంట్లో ఒకసారి, నెలనెలా డబ్బు కట్టేదాంట్లో ఒకసారి చదవండి. ఏది దేంట్లో చేశారో విని చెప్పడం ఎవరి తరమూ కాదు. మైకు నుంచి వచ్చినదాన్ని డిస్కులో రాసి పెట్టడం వరకే సాఫ్ట్‌వేర్ పని. పైన ఫ్యాను తిరుగుతుంటే ఫ్యాను చప్పుడునీ అంతే శ్రద్ధగా రాసి పెడుతుంది. చేతిలో ఐదు వేలుంటే అవి ముందు మైకుకీ, కిటికీకి కట్టే మందపాటి దుప్పటికీ పోవాలి.

మరి దేన్నిబట్టి ఎంచుకోవాలి? నా లెక్కలో ఒకే ఒక్క విషయాన్నిబట్టి. చదువుతుండగా నోరు తడబడితే, ఆ తప్పును దిద్దుకోవడానికి ఎంత పని పడుతుంది? అరగంట కథ చదివితే ఎంత అలవాటున్నవాళ్లకైనా పాతిక ముప్పై చోట్ల తప్పు దొర్లుతుంది. "నిర్నిమేషంగా" అనే మాట వచ్చిందంటే చాలు, నాకు ఒక్కసారికి పలకదు. మామూలుగా అందరూ ఏం చేస్తారంటే, తప్పు రాగానే ఒక చప్పట్టు కొట్టి, ఆ వాక్యాన్ని మళ్లీ చదివి ముందుకు పోతారు. తర్వాత కూర్చుని, వేవ్‌ఫారంలో (తెరమీద గీతలుగా కనిపించే శబ్దం బొమ్మలో) చప్పట్టు కొట్టిన చోట నిలువు గీతలా లేచిన శిఖరాలను వెతుక్కుంటూ ఒక్కొక్కటీ కత్తిరిస్తారు. అరగంట కథకు గంటన్నర ఎడిటింగ్ అలా అవుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మూడో కథకో నాలుగో కథకో మానేసేది చాలావరకు ఈ విసుగుతోనే.

దీనికి మందు 'పంచ్ అండ్ రోల్'. తప్పు రాగానే ఆపేస్తాం. తప్పుకు కాస్త ముందు కర్సర్ పెట్టి, ఆడాసిటీలో అయితే షిఫ్ట్, డి కలిపి నొక్కుతాం. ఆ చోటికి ముందున్న ఐదు సెకన్లు మన గొంతే హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. కర్సర్ దగ్గరికి రాగానే రికార్డింగ్ దానంతటదే మొదలవుతుంది. మనం ఆ ఊపులోనే అందుకుని చదువుకుపోవడమే. కథ పూర్తయ్యేసరికి తప్పులన్నీ దిద్దిన ఫైలు చేతిలో ఉంటుంది. ఆడాసిటీలో ఈ సదుపాయం 2018లో వచ్చిన 2.3.0 వెర్షన్ నుంచి ఉంది. అయినా ఏళ్లుగా ఆడాసిటీ వాడుతూ ఆ మీట నొక్కనివాళ్లు చాలామంది కనిపిస్తారు.

ఆ ఐదు సెకన్లు వినడంలోనే ఉంది కిటుకంతా. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది, అక్కడికి వచ్చేసరికి గొంతు కిందికి దిగుతుంది. తప్పు పలికిన ఒక్క మాటనే మళ్లీ చదివి మధ్యలో అతికిస్తే, అది పక్క మాటల కంటే పైస్థాయిలో పడి ఇట్టే దొరికిపోతుంది. కర్సర్‌ను తప్పు మాట ముందు కాకుండా, దానికి ముందున్న "చూసి", "వెళ్లి", "అనేసరికి" లాంటి చోట పెట్టాలి. అక్కడ ఎలాగూ ఊపిరి తీసుకుంటాం కాబట్టి అతుకు వినిపించదు. "గుమ్మం దాకా వెళ్లి, నిర్నిమేషంగా చూస్తూ నిలబడింది" అనే వాక్యంలో తడబడితే నేను "వెళ్లి" తర్వాత ఉన్న ఖాళీలో నొక్కుతాను. ఐదు సెకన్లు ఎక్కువనిపిస్తే ప్రిఫరెన్సెస్‌లో తగ్గించుకోవచ్చు. ఒక జాగ్రత్త: ఇది చదువుతుండగా అక్కడికక్కడే దొరికిన తప్పుకు మాత్రమే. కథంతా అయ్యాక నడిమధ్య తప్పు కనబడితే ఆ వాక్యాన్ని వేరే ట్రాక్‌లో చదివి తెచ్చి అతికించుకోవాలి.

రీపర్‌లో ఇది కుదరదా అంటే, భేషుగ్గా కుదురుతుంది. కాకపోతే మెట్రోనోమ్ సెట్టింగుల్లోకి వెళ్లి ప్రీ-రోల్ (రికార్డింగ్‌కు ముందున్న కాస్త భాగం వినిపించే ఏర్పాటు) ఆన్ చేసుకోవాలి, రెండు మూడు పనులను కలిపి ఒక కస్టమ్ యాక్షన్ తయారుచేసుకోవాలి, దానికో మీట కేటాయించుకోవాలి. ఓపికున్నవాళ్లకు ఒక సాయంత్రం పని. ఆ తర్వాత ఆడాసిటీ ఇవ్వని సుఖం ఒకటి దొరుకుతుంది. పాత టేకు, అంటే ముందు చదివి రికార్డు చేసినది, ఎక్కడికీ పోదు. కత్తిరించినా, కప్పేసినా అసలు ఫైలు డిస్కులో అలాగే ఉంటుంది. కొత్తగా చదివినదానికంటే పాతదే బాగుందనిపిస్తే వారం తర్వాతైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆడాసిటీలో అన్‌డూ ప్రాజెక్ట్ మూసేదాకానే.

అన్‌డూ అన్నాను కాబట్టి డిస్కు సంగతి కూడా చెప్పేస్తాను. ఆడాసిటీ మామూలుగా 32 బిట్ ఫ్లోట్ అనే, ఎక్కువ చోటు పట్టే పద్ధతిలో రాస్తుంది. మోనోలో (ఒకే ఛానెల్‌లో) నిమిషానికి పదిన్నర ఎంబీ, గంటకు 635 ఎంబీ దాకా. మొత్తం ఫైలుకు ఒక ఎఫెక్ట్ వేసిన ప్రతిసారీ, అన్‌డూ కోసం పాతది దాచి కొత్తది రాస్తుంది. గంట ఫైలుకు నాలుగు ఎఫెక్టులు వేస్తే మూడు జీబీ దాటిపోతుంది. 128 జీబీ డిస్కున్న పాత ల్యాప్‌టాప్‌లో ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. 2022లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి ఆడాసిటీలో రియల్‌టైమ్ ఎఫెక్టులు, అంటే ఫైలును తిరగరాయకుండా వినిపించేటప్పుడే పనిచేసేవి, ఉన్నాయి. ఈక్యూ (గొంతులో మంద్రం, తారం సరిచేసేది), కంప్రెసర్ (హెచ్చుతగ్గులను సమం చేసేది) అలా వేసుకుంటే ఈ బరువు తగ్గుతుంది. రీపర్ మొదటినుంచీ ఆ పద్ధతే. దాని ఇన్‌స్టాలర్ కూడా చాలా చిన్నది, పాత కంప్యూటర్‌లోనూ చకచకా నడుస్తుంది. విన్‌యాంప్ గుర్తుందా? దాన్ని రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేతిలో పుట్టిందే ఇదీ.

ఫ్యాను చప్పుడు తీసేయడానికి రెండింట్లోనూ పరికరాలున్నాయి. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్: ఎవరూ మాట్లాడని రెండు సెకన్లు ఎంచి ఆ చప్పుడు నమూనా (ప్రొఫైల్) తీసుకోవాలి, తర్వాత మొత్తానికి వేయాలి. రీపర్‌లో రియాఫిర్ అనే ఎఫెక్ట్‌ను సబ్‌ట్రాక్ట్ (తీసివేత) మోడ్‌లో పెట్టాలి. దేంట్లోనైనా అత్యాశకు పోతే ముందు నలిగేవి శ, ష, స. 6 డెసిబుల్స్ తగ్గిస్తే వినేవాళ్లకు తెలియదు. 20 పెడితే మాట నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఇక్కడ ఆడాసిటీ వాడటం తేలిక, అంతకుమించి తేడా లేదు. ఎండాకాలంలో కూడా చదివే అరగంట ఫ్యాను కట్టేసుకోవడమే మేలు.

డబ్బు విషయం. ఆడాసిటీ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్ (దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు). 2021లో మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ చేతికి వెళ్లాక ప్రైవసీ పాలసీ మీద పెద్ద గొడవే అయింది, తర్వాత దాన్ని సవరించారు. మన రికార్డింగులు మన కంప్యూటర్‌లోనే ఉంటాయి కాబట్టి నాకైతే ఆ టెన్షన్ లేదు. రీపర్‌ను 60 రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూడొచ్చు. ఆ తర్వాత 60 డాలర్లు, అంటే ఐదు వేలు దాటుతుంది. సొంత వాడకానికీ, దాంతో వచ్చే ఆదాయం ఏడాదికి 20,000 డాలర్లు మించనివాళ్లకూ ఈ ధర. అంతకు మించితే 225. మన కథల ఛానెల్‌కు అంత ఆదాయం వస్తే ఆ 225 కట్టడానికి ఎవరికీ ప్రాణం ఒప్పకపోదు. గడువు అయిపోయినా రీపర్ ఆగిపోదు, తెరిచినప్పుడల్లా గుర్తు చేస్తుంది. అది చూసి ఊరికే వాడుకోవచ్చనుకునేవాళ్లున్నారు. ఇంత తక్కువకు ఇస్తున్నవాళ్ల దగ్గర ఆ తెలివితేటలు చూపించడం నాకు నచ్చదు.

మిగతావి రెండు ముక్కల్లో. ఓసెన్‌ఆడియో ఉచితం, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఉన్న ఫైలును కోసి సరిచేయడానికి హాయిగా ఉంటుంది. మల్టీట్రాక్ (ఒకదాని కింద ఒకటి వేర్వేరు ట్రాకులు పెట్టుకోవడం) లేదు, వెనకాల సంగీతం పెట్టుకోవాలంటే వేరేచోటికి పోవాల్సిందే. మ్యాక్ ఉన్నవాళ్లకు గరాజ్‌బ్యాండ్ ఉచితంగా వస్తుంది. అడోబీ ఆడిషన్ మంచిదే, కానీ నెలనెలా చందా కట్టాలి. మన పనికి అంత అక్కర్లేదు. విండోస్‌తో వచ్చే రికార్డర్ మెసేజీలు పంపుకోవడానికి సరిపోతుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లో నేను రెండూ వేసుకున్నాను. చదవడం మాత్రం ఆడాసిటీలోనే చదువుతున్నాను. సంగీతం కలపాల్సిన కథ అయితే ఆ వేవ్ ఫైలును రీపర్‌లోకి తీసుకెళ్తాను. ఒక్కటే వేసుకుంటామంటే ఆడాసిటీ వేసుకోండి, దాని అధికారిక సైట్ నుంచే దించుకోండి. వేయగానే రికార్డింగ్ ఛానెల్‌ను మోనోకు మార్చండి. ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెకు) ఒక్క మైకు తగిలించి స్టీరియోలో చదివితే గొంతు ఎడమ చెవిలోనే వినిపిస్తుంది.

పాటలు పాడేవాళ్ల సంగతి వేరు. ట్రాక్ వింటూ పాడేటప్పుడు మన గొంతు ఆలస్యంగా వినిపిస్తే తాళం తప్పుతుంది. ఆ ఆలస్యాన్ని తగ్గించే ఆసియో డ్రైవర్లను రీపర్ నేరుగా వాడుకుంటుంది, దించుకునే ఆడాసిటీలో ఆ ఏర్పాటు లేదు. కాబట్టి వాళ్లు ఆ 60 రోజుల ట్రయల్‌తో మొదలుపెట్టొచ్చు.