టోడ్‌స్టూల్ లెదర్ కోరల్: ముడుచుకుందని తీసి పారేయకండి

ఉప్పునీటి ట్యాంక్ పెట్టి చేపలు కుదురుకున్నాక మొదటి కోరల్ (పగడం) ఏది కొనాలి అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఈ టోడ్‌స్టూల్ లెదర్ పేరే. సార్కోఫైటాన్ జాతి. లావుపాటి కాడ, దాని మీద గుండ్రటి తల, తల నిండా ఊగుతూ పాలిప్స్, అంటే పువ్వుల్లాంటి చిన్న చిన్న జీవులు. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో పాలిప్‌కీ సరిగ్గా ఎనిమిది చేతులు, వాటి అంచుల్లో మళ్లీ సన్నటి నూగు. దీని ముందు కూర్చుంటే ఆఫీసు టెన్షన్ గుర్తుకు రాదు.

నేను కొన్నది ఇక్కడ డల్లాస్ దగ్గర ఒక చిన్న షాపులో, 40 డాలర్లకి. ఈ కోరల్ బతుకుతుందా లేదా అన్నది సగం షాపులోనే తేలిపోతుంది. వీళ్లు తమ ట్యాంకులో పెంచిన తల్లి కోరల్ నుంచి కోసిన ముక్కలే అమ్ముతారు. నేను వేలు చూపించిన ముక్క మాత్రం ఇవ్వలేదు, గాయం ఇంకా మానలేదు, వచ్చే వారం రండి అన్నారు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. అంతకుముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన ముక్కని అప్పుడే కోసి రబ్బర్ బ్యాండ్ వేసి పంపినట్టున్నారు, కాడ కింద నల్లబడి కుళ్లి నీళ్లన్నీ కంపు కొట్టాయి. ఒళ్లంతా జారుడు కాబట్టి దీనికి జిగురు సరిగ్గా పట్టదు, తనంతట తానే రాయిని పట్టుకోవాలి, అందుకే అలా పట్టుకున్న ముక్కనే అడిగి తీసుకోండి.

ఇంట్లో కొన్నాళ్లు బాగానే ఉండి ఉన్నట్టుండి పాలిప్స్ అన్నీ లోపలికి లాగేసుకుంటుంది, తల మీద మెరిసే పొర ఒకటి కడుతుంది. చచ్చిపోయిందని చాలామంది తీసి పారేసేది అప్పుడే. పాము కుబుసం విడిచినట్టు పైన పేరుకున్న నాచూ చెత్తా వదిలించుకోవడమే అది, వారం పట్టొచ్చు, ఒక్కోసారి రెండు వారాలు కూడా. వేలితో గీకొద్దు. వేవ్‌మేకర్ (నీళ్లని కదిలించే పంపు) కొంచెం పెంచండి, నీటి ధార నేరుగా తగలకుండా అటూ ఇటూ మారుతూ ఉండాలి. మా దాని పొర ఒక అంచున లేచి, నీళ్లలో రెపరెపలాడి తెగిపోయింది, ఆ తర్వాత పాలిప్స్ మునుపటికన్నా పొడుగ్గా వచ్చాయి.

నీళ్లు 25 డిగ్రీలు, ఉప్పు ఎంతుందో తెలిపే స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దగ్గర నిలకడగా ఉంటే చాలు. చేపల వ్యర్థాల నుంచి చేరే నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు) ఉన్నా ఏమీ కాదు, సున్నాకి తేవాలని తాపత్రయపడొద్దు. ఒంట్లో ఉండే ఆల్గే వెలుతురుతో తయారుచేసే ఆహారమే దీనికి చాలావరకు ఆధారం కాబట్టి ఓ మాదిరి లైట్ మాత్రం ఉండాలి.

ఒక్క విషయంలో జాగ్రత్త. ఇది టెర్పీన్స్ అనే రసాయనాలు నీళ్లలోకి వదులుతుంది, పక్కనున్న గట్టి కోరల్స్ ఎదుగుదల ఆగిపోవచ్చు. ఆ రసాయనాల్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ (ఒకరకం బొగ్గు) పెట్టి అది పాతబడకుండా మారుస్తూ ఉండండి, చుట్టూ జాగా కూడా వదలండి. ఇండియాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట: రీఫ్ (సముద్రంలో పగడపు దిబ్బ) కట్టే గట్టి పగడాలు, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, మన సముద్రంలోంచి తీసిందని ఎవరైనా అమ్మజూపితే ముట్టుకోకండి.

బాగా పెరిగితే తల పళ్లెమంత అయ్యి కిందవాటికి వెలుతురు అందదు. అప్పుడు ముక్క కోసి తీసుకెళ్తే మా షాపువాళ్లు క్రెడిట్ ఇస్తారు, మీరు కొనే చోట కూడా ఆ పద్ధతి ఉందేమో ముందే కనుక్కోండి.