అంబాసిడర్ కార్పెట్ కింద ఫోమ్: మన ఎండకీ తేమకీ ఎలా నిలిచింది?

మా డీజిల్ అంబాసిడర్‌కి కార్పెట్ కింద ఇన్సులేషన్ వేయించి చాలాకాలమైంది. కోనసీమ ఎండలూ, తుపాను వానలూ చూసేసింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు.

డబ్బుకి న్యాయం జరిగింది వేడి విషయంలోనే. మే నెలలో అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్తుంటే, గేరుబాక్సు పక్కనుండే ఎడంకాలికి సెగ కొట్టేది. ఇప్పుడది బాగా తగ్గింది. పని చేసింది ఏసీ పైపులకి చుట్టే నల్ల నైట్రైల్ ఫోమే, 6 ఎం.ఎం. మందంది. పైన మెరిసే అల్యూమినియం పొరకని అదనంగా డబ్బు పోయొద్దు. ఎదురుగా గాలి ఆడే ఖాళీ ఉంటేనే అది వేడిని తిప్పికొడుతుంది, కార్పెట్ కింద నలిగితే దాని వల్ల ఒరిగేదేమీ లేదు. అంతకంటే సైలెన్సర్ పైపుకీ ఫ్లోరుకీ మధ్య ఖాళీ వదిలి ఒక రేకు బిగించుకోవడం మేలు.

మోత మాటకొస్తే, 1489 సీసీ డీజిల్ ఇంజను టకటక ఎక్కడికీ పోలేదు. ఫోమ్ కింద రేకుకి అతికించిన బ్యూటైల్ రబ్బరు షీట్లు ఆపేది రేకు అదురుని. గోతుల్లో కాళ్లకింద ఖాళీ డబ్బాలా మోగే ఫ్లోరు సద్దుమణిగింది, అంతే. ఫ్లోరంతా అతికించక్కర్లేదు, బల్లపరుపు రేకు మీద పావు నుంచి మూడోవంతు చాలు. తారు షీట్లు చవకే గానీ, మన ఎండకి మెత్తబడి వాసనేస్తాయి.

అసలు శత్రువు తేమ. పాత జనపనార ఫెల్టు నీళ్లు పీల్చుకుని రోజుల తరబడి ఆరేది కాదు. దాన్ని లేపి చూస్తే డ్రైవరు కాళ్లచోట రేకు తుప్పట్టి చిల్లులు. టింకరింగ్ మేస్త్రి కొత్త ముక్క వెల్డింగ్ చేసి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టాకే షీట్లు వేశాం. ఫోమ్ నీరు తాగదు నిజమే, కానీ దాని కిందకి దిగిన నీరూ పైకి రాలేక అక్కడే ఉండిపోతుంది. అందుకే ఫోమ్‌ని జిగురుతో అతికించనివ్వలేదు, ఊరికే పరిపించాను. ఫ్లోరులో నీళ్లు పోయే కన్నాలకుండే రబ్బరు బిరడాల మీద ఏ షీటూ వేయనివ్వలేదు. వీధుల్లో నీళ్లు నిలిచిన వారం ఆ బిరడాలు తీసి, కార్పెట్ మడిచి, తలుపులు తెరిచి ఆరబెడతాను. బ్యూటైల్ మాత్రం తలుపు గడప దగ్గర ఒక అంచు లేచింది. షీటుని అదిమే రోలరు చేరని మూల అది.

వేయించుకునేవాళ్లు కార్పెట్ అంచు పట్టీ (బీడింగ్) బిగించకముందే యాక్సిలరేటరూ క్లచ్చూ చివరిదాకా నొక్కి చూడండి. మాకు మందం పెరిగి యాక్సిలరేటర్ కింద తగిలింది, అక్కడ ఫోమ్ కోసేశాం.