టకోమాకు ఒకటిన్నర అంగుళం లిఫ్ట్: ఐదేళ్లు నడిపాక

మేము డెన్వర్ దగ్గర ఉంటాం. బండి 2019 మోడల్ టొయోటా టకోమా పికప్ ట్రక్కు, టీఆర్‌డీ ఆఫ్‌రోడ్ రకం, డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్లు). ఇప్పటికి 78 వేల మైళ్లు తిరిగింది. వారమంతా ఆఫీసుకీ ఇంటికీ తిరుగుతుంది. ఎండాకాలం వస్తే శాన్ హువాన్ కొండల్లో, ఏప్రిల్‌లో యూటా ఎర్రరాళ్ల మధ్య ఉంటుంది. ట్రైల్స్ (రాళ్లూ మట్టీ ఉండే కొండదారులు) కోసం ట్రక్కు ఎంత ఎత్తు లేపాలి అని స్నేహితులు అడిగితే నేను చెప్పేది ఒకటే: ముందు ఒకటిన్నర అంగుళం, వెనక ఒక అంగుళం, అంతే. మూడు అంగుళాలు లేపి, పదకొండు నెలలు నడిపి, మళ్లీ దించినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

మొదట్లో ఒక షాపువాళ్లు మూడు అంగుళాలు లేపే స్పేసర్లు, అంటే సస్పెన్షన్‌లో ఇరికించే దిమ్మెలు, పెట్టారు. ఖర్చు తక్కువ, ఒక్క పూటలో పని అయిపోయింది. బండి చూడటానికి బ్రహ్మాండంగా ఉండేది. నడిపితే వేరే సంగతి. గుంటలో చక్రం కిందికి దిగిన ప్రతిసారీ ముందు నుంచి ఠప్పుమని చప్పుడు. స్పేసర్ బండిని పైకి నెట్టింది కాబట్టి, చక్రం కిందికి జారడానికి మిగిలిన చోటు తగ్గిపోయింది. అలైన్‌మెంట్‌కి ఇస్తే క్యాస్టర్ (బండి నిటారుగా పోయేలా చేసే ముందు చక్రాల కోణం) లెక్కలోకి రాలేదు. ఐ-70 హైవే మీద గాలి కొట్టినప్పుడల్లా స్టీరింగ్ అటూ ఇటూ లాగేది, రెండు చేతులూ తీయడానికి వీలుండేది కాదు. పదకొండో నెలలో టైరు మారుద్దామని విప్పితే రిమ్ము లోపలి వైపంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. ముందు చక్రాన్ని తిప్పే సీవీ యాక్సిల్ బాగా ఏటవాలుగా తిరుగుతుండటంతో రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరిగిపోయాయి. వేలు పెడితే చీలికలో ఇసుక గరగరలాడింది. ఆ రోజే ఎత్తు దించాలని నిర్ణయించుకున్నాను.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే అర్థమైన విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. సస్పెన్షన్ లేపితే లేచేది బాడీ, ఛాసిస్ మాత్రమే. వెనక ఇరుసు, దాని మధ్య ఉండే డిఫరెన్షియల్ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. రాయి ముందుగా తగిలేది దానికే. అది పైకి లేవాలంటే పెద్ద టైరు ఒక్కటే దారి. కంపెనీ ఇచ్చిన 265/70ఆర్16 టైరు ఎత్తు దాదాపు 30.6 అంగుళాలు. దాని బదులు 265/75ఆర్16 వేశాను, 31.6 అంగుళాలు. ఇరుసు కింద అర అంగుళం వచ్చింది. వినడానికి తక్కువే, కానీ రాళ్ల మీద ఆ అర అంగుళం విలువ తెలుస్తుంది. ఈ సైజుకి ముందు మడ్‌ఫ్లాప్‌లు తీసేస్తే చాలు, ఛాసిస్ దగ్గర ఏమీ కోయనక్కర్లేదు. 33 అంగుళాల టైరుకు వెళ్తే మామూలుగా క్యాబ్ మౌంట్ (క్యాబిన్‌ను ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్) కోసి వెల్డింగ్ చేయించాల్సి వస్తుంది. స్టెపినీతో కలిపి అయిదూ ఒకే సైజు తీసుకోండి, చిన్న స్టెపినీతో కొండ మీద ఇరుక్కుంటే చాలా కష్టం.

సస్పెన్షన్‌కి ముందు బిల్‌స్టీన్ 5100 షాకబ్జర్లు వేయించాను. స్ప్రింగు కూర్చునే రింగును పైకీ కిందికీ మార్చుకోవడానికి వాటికి గాడులు ఉంటాయి. మధ్య గాడిలో పెట్టించాక, హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా కొలిస్తే సరిగ్గా ఒకటిన్నర అంగుళం పెరిగింది. కంపెనీ కంట్రోల్ ఆర్మ్‌లతోనే అలైన్‌మెంట్ లెక్కలోకి వచ్చేసింది. వెనక కమాన్ కట్టలో ఒక ప్లేటు అదనంగా చేర్చారు.

మా నాన్న కోదాడలో ముప్పై ఏళ్లు లారీ నడిపారు. ఆ రోజు రాత్రి ఫోన్లో ప్లేటు సంగతి చెప్పగానే, "ఒరేయ్, కొత్త ప్లేటు వేస్తే కట్ట సర్దుకుంటది. ఓ ఐదొందల కిలోమీటర్లు తిరిగినాక యూ బోల్టులు మళ్లీ బిగించు, మర్చిపోకు" అన్నారు. షాపులో ఈ మాట ఎవరూ చెప్పలేదు. మూడు వందల మైళ్ల తర్వాత టార్క్ రెంచ్ పెడితే నాలుగిట్లో మూడు బోల్టులు దాదాపు అర చుట్టు తిరిగాయి. వదులుగా వదిలేస్తే ఇరుసు పక్కకి జరిగేదే.

ఇక నా దృష్టిలో ఈ బండి మీద పెట్టిన డబ్బులో అన్నింటికంటే బాగా ఖర్చయింది స్లైడర్లకే, అంటే డోర్ల కింద అడ్డుగా ఉండే ఇనుప గొట్టాలకే. టకోమా వీల్‌బేస్ 127.4 అంగుళాలు, పొడవైన బండి. ముందు చక్రాలు మెట్టు దాటాక తగిలేది నడుము. మూడేళ్ల క్రితం జులైలో యూరే వైపు నుంచి ఇమోజీన్ పాస్ అనే కొండ కనుమ ఎక్కుతున్నాం, ఎత్తు 13,114 అడుగులు. ఒకచోట మోకాలెత్తు రాతి మెట్టు అడ్డం వచ్చింది. మా ఆవిడ దిగి ముందు నిలబడి చేత్తో సైగలు చేస్తోంది. 4-లోలో (నాలుగు చక్రాలకీ బలం వెళ్లే తక్కువ గేరు) పెట్టి, వెనక లాకర్ (వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా చేసేది) వేసి, ఇంజిన్ దాదాపు ఐడిల్ మీదే ఎక్కించాను. ముందు చక్రాలు ఎక్కాయి. "ఆగండి, కుడివైపు దిగుతోంది" అని తను అనేలోపే బండి బరువంతా స్లైడర్ మీద కూర్చుంది. కర్ర్‌ర్ మని రాయి మీద జారుతూ, ఆగకుండా, బండి ముందుకు వెళ్లిపోయింది. పైకి వెళ్లాక దిగి చూస్తే, గొట్టం అడుగున జానెడు మేర పెయింటు లేచిపోయి తెల్లటి ఇనుము మెరుస్తోంది. డోరు కింద రాకర్ ప్యానెల్ మీద గీత కూడా లేదు. స్లైడర్ లేకపోయుంటే అదే రాయి డోరు తెరుచుకోకుండా నొక్కేసేది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ చల్లుతారు, తుప్పు తొందరగా పడుతుంది. అందుకే ఏటా అక్టోబరులో ఆ గీతలన్నీ గీకి నల్ల స్ప్రే కొడతాను.

టైర్లలో గాలి దించడం ఖర్చు లేని పని, అయినా చాలామంది చేయరు. మట్టి రోడ్డు మొదలవగానే 20 పీఎస్ఐకి దించుతాను. యూటాలో వైట్ రిమ్ రోడ్డు 100 మైళ్లు. పర్మిట్ తీసుకుని రెండు రోజుల్లో వెళ్లాం. మర్ఫీ హాగ్‌బ్యాక్ లాంటి నిటారు ఎక్కుళ్లు తప్పితే అక్కడ ఎత్తు అంతగా అవసరం పడదు. రోజంతా అలలు అలలుగా ఉన్న రోడ్డు మీద వెన్ను నొప్పి రాకుండా కాపాడింది ఆ గాలి దించడమే. తిరిగి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ సీటు కింద ఉంటుంది, టైరుకి నాలుగైదు నిమిషాలు పడుతుంది.

మైలేజీ గ్యాలన్‌కు 20 నుంచి 18కి పడింది. స్పీడోమీటర్ 60 చూపిస్తే నిజానికి 62. ముందు భాగం లేచినందుకు హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి, వాటిని దించి సెట్ చేయించాలి, ఇది మాత్రం తప్పనిసరి. వెనక బంపర్ కింది అంచు ఇప్పటికీ ఇరుకు గండ్లలో నేలకు తగులుతుంది, దానికి నా దగ్గర మందు లేదు. మోయాబ్‌లో కష్టమైన రాతి ట్రైల్స్ వస్తే నేను వెనక్కి తిప్పేస్తాను. ఆ ట్రైల్స్ మీదే మనసున్నవాళ్లకు ఈ సెటప్ సరిపోదు. నేను మాత్రం ఇదే బండితో సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్లాలి.

ఎత్తు దించాక ఈ ఐదేళ్లలో సీవీ బూటు ఒక్కటీ చిరగలేదు. ముందు షాకబ్జర్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. వెనక ఎడమ వైపుది మాత్రం నూనె చెమ్మ పట్టి దుమ్ము అంటుకుంటోంది. జూన్ చివర్లో కొండల మీద మంచు తీసి దారులు తెరిచేలోపు ఆ జత మార్చాలి, యూ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించాలి.