నాన్న బొమ్మ వేయించాను: మొహానికి పూర్తి మార్కులు, చేతులకి సగం

మొదటే చెప్పేస్తా, పోలిక కుదిరింది. పోర్ట్రెయిట్ వేయించాలనుకునేవాళ్ళు అదొక్కటి తెలిస్తే చాలనుకుంటే ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఎనిమిది వారాల్లో ఇస్తానన్న బొమ్మకి పద్నాలుగు వారాలు పట్టింది, మధ్యలో ఒకసారి కాన్వాస్ మీద మా నాన్నకి బదులు ఆయన తమ్ముడిలాంటి ఎవరో కూర్చుని కనిపించారు, ఇక చేతుల సంగతైతే నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఆర్టిస్టు పేరు రాయడం లేదు, కింద ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి. ఆవిడ ఏ ఆర్ట్ కాలేజీలోనూ చదవలేదు. పగలంతా అకౌంట్స్ ఉద్యోగం, తెల్లవారుజామునా సెలవుల్లోనూ బొమ్మలు, పదకొండేళ్ళుగా ఇదే వరస. నిజం చెప్పాలంటే 'నేను సొంతంగా నేర్చుకున్నాను' అని చెప్పుకునే ఆర్టిస్టులంటే నాకు కొంచెం భయం. ఆ మాటని బిరుదులా తగిలించుకుంటారు, బొమ్మలో తప్పు చూపిస్తే మళ్ళీ అదే మాటని అడ్డం పెట్టుకుంటారు. మొదటిరోజు నేనే నోరుజారి "అంటే ఏకలవ్యుడి టైపన్నమాట" అనేశాను. ఆవిడ నవ్వి, "ఏకలవ్యుడికి ఒక్క ద్రోణుడేనండీ, నాకు అలమారా నిండా ఉన్నారు" అని తలుపు తీశారు. లోపల పుస్తకాలు, ప్రింట్లు, అట్టల మధ్య దాచిన పెన్సిల్ కాపీలు. అందులో బార్గ్ ప్లేట్లు అనేవి ఉన్నాయి. 1860ల చివర్లో పారిస్‌లో అచ్చేసిన డ్రాయింగ్ పాఠాలవి, చెయ్యి, చెవి, ముక్కు, పాదం, ఒక్కోటీ గీతల దశ నుంచి నీడల దశ దాకా. డచ్ చిత్రకారుడు వాన్ గో 27 ఏళ్ళ వయసులో, 1880లో, ఇక బొమ్మలే వేస్తానని కూర్చున్నప్పుడు సాధన చేసింది వీటి మీదే. ఈవిడ చెవుల పేజీ ఒక్కటే తొమ్మిదిసార్లు వేసిన కాగితాలు చూపించారు. తొమ్మిదోది బాగుంది, మొదటిది చూస్తే చెవి అని రాసిపెడితే తప్ప తెలియదు.

నాకు నమ్మకం కుదిరింది మాత్రం గది మూలన ఉన్న ఒక పాత బొమ్మ వల్ల. ఎవరో ముసలావిడ మొహం, బుగ్గ మీద నుంచి మెడ దాకా ఎండిన చెరువులా పగుళ్ళు. దాన్ని దాచేయకుండా వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారట. ఏం జరిగిందంటే, ఆయిల్ రంగు వేశాక పని త్వరగా అయిపోవాలని పైన అక్రిలిక్‌తో (నీళ్ళతో కలిపి వాడే, త్వరగా ఆరే రంగు) దిద్దేశారు. ఆయిల్ రంగు నీళ్ళలా ఆరిపోదు. అందులో ఉండే అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది, ఆ పని నెలల తరబడి లోపల జరుగుతూనే ఉంటుంది. పైన అక్రిలిక్ గంటలో బిగిసిపోయింది, కింద ఆయిల్ కదులుతూనే ఉంది, ఇంకేముంది. అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ వేయకూడదు. అలాగే నూనె తక్కువున్న పొర కింద, ఎక్కువున్న పొర పైన. "గురువు ఉంటే ఒక్క ముక్కలో చెప్పేవాడు, నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది" అన్నారు. తప్పుని ఇంత మామూలుగా చెప్పగలిగిన మనిషికి నాన్న మొహం అప్పజెప్పొచ్చు అనిపించింది, సగం అడ్వాన్స్ అక్కడే ఇచ్చేశాను.

ఆవిడ సాధన పద్ధతి గురించి కొంచెం. రోజూ పొద్దున్నే పావుగంట అద్దం ముందు కూర్చుని తన మొహమే గీసుకుంటారు. నోటుబుక్కులు తిరగేశాను, వందల మొహాలు, అన్నీ ఆవిడవే, ఒక్కటీ నవ్వుతూ ఉండదు (పావుగంట నవ్వు పట్టుకుని కూర్చోవడం ఎవరి వల్లా కాదు, ప్రయత్నించి చూడండి). డబ్బు అడగని, టైముకి వచ్చే మోడల్ అద్దంలోనే దొరుకుతుందట. వాన్ గో 35కి పైగా స్వీయచిత్రాలు వేయడానికి పెద్ద కారణం కూడా మోడళ్ళకి ఇవ్వడానికి డబ్బు లేకపోవడమే. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో 1925లో బస్సు ప్రమాదం తర్వాత మంచం మీద నుంచి లేవలేని రోజుల్లో పైన అద్దం అమర్చుకుని తన మొహమే వేసుకుంది. రవివర్మకి ఆయిల్ పెయింటింగ్ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చిన దొర వేస్తుంటే చూసి పట్టుకున్నాడు. వీళ్ళ పేర్లు తనకి పోలికగా తీసుకురాలేదు ఆవిడ, గురువు లేకపోతే జనం ఏం చేశారో తెలుసుకోవడానికి చదువుకున్నారంతే.

ఇక అసలు పని. మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. మూడుసార్లు కూర్చోవాలి, ఒక్కోసారి నలభై నిమిషాలు, మధ్యలో ఒక బ్రేక్ అంటే ముందు ససేమిరా అన్నారు, చివరికి పేపరు చదువుకోనిస్తే వస్తానన్నారు. మొదటి రోజు ఆవిడ కాన్వాస్ మీద బొగ్గుతో నిలువుగా ఒక గీత, అడ్డంగా సరిగ్గా మధ్యలో ఒక గీత గీసి, కళ్ళు ఇక్కడ వస్తాయన్నారు. నాన్న ఊరుకుంటారా. "మధ్యలో ఎందుకొస్తాయమ్మా, కళ్ళు పైన కదా ఉండేది" అన్నారు. "కొలుచుకోండి మాస్టారూ" అని ఆవిడ స్కేలు చేతికిచ్చారు. ఆయన నిజంగానే అద్దం ముందు నిలబడి నడినెత్తి నుంచి కంటికి, కంటి నుంచి గడ్డానికి కొలుచుకుని, ఒకసారి నమ్మక రెండోసారి కూడా కొలుచుకుని, "కరెక్టే" అని వచ్చి కూర్చున్నారు. జుట్టుని మనం తలలో లెక్కేయం, అందుకే కళ్ళు పైనున్నట్టు అనిపిస్తాయి. ఆ తర్వాత పేపరు పక్కన పెట్టేశారు, మిగతా రెండు రోజులూ ఆవిడ ఏం చేస్తున్నారో చూడ్డమే సరిపోయింది ఆయనకి.

ఆవిడ మాటిమాటికీ కళ్ళు చికిలించి చూస్తుంటారు. అలా చూస్తే రెప్పలు, ముడతలు అన్నీ మాయమై వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అనే రెండే మిగులుతాయట. పోలిక అనేది ముక్కులోనో కళ్ళలోనో ఉండదు, ఈ పెద్ద వెలుగు నీడల ఆకారంలో ఉంటుంది, దూరం నుంచి మొహం కనపడకపోయినా మన మనిషిని గుర్తుపడతాం కదా అన్నారు. కంట్లో తెల్లగుడ్డు నిజానికి తెల్లగా ఉండదని నాకు అక్కడే తెలిసింది. తెల్ల కాగితం ముక్క నాన్న చెంప దగ్గర పట్టుకుని చూడమన్నారు, దాని పక్కన తెల్లగుడ్డు బూడిదరంగులో ఉంది. అక్కడ తెల్లరంగు పెడితే కళ్ళు బల్బుల్లా బయటికొస్తాయి.

రంగులు చాలా తక్కువ. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ 1896లో వేసుకున్న స్వీయచిత్రంలో చేతిలోని పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద తెలుపు, యెల్లో ఓకర్ అనే మట్టి పసుపు, ఎరుపు, నలుపు, ఈ నాలుగే కనిపిస్తాయి. ఆవిడ అక్కడి నుంచి మొదలుపెట్టి బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు, అల్ట్రామెరీన్ బ్లూ అనే ముదురు నీలం కలుపుకున్నారు. మా నాన్నది చామనఛాయ కంటే ఒక మెట్టు ముదురు. ఇలాంటి ఒంటిరంగు వేసేటప్పుడు కొత్తవాళ్ళు చేసే తప్పు, వెలుగు పడ్డచోటల్లా తెల్లరంగు కలిపేయడం, దాంతో మొహానికి సున్నం కొట్టినట్టు అవుతుంది. ఈవిడ నుదుటి మీద కిటికీ వెలుగుకి నీలం కలిసిన లేత బూడిదరంగు పెట్టారు, పెట్టేటప్పుడు చూసి ఇదేంటి అనుకున్నా, నాలుగడుగులు వెనక్కొస్తే చర్మం మెరిసింది. 'కాస్త తెల్లగా వేయండి' అని అడిగేవాళ్ళు చాలామందే వస్తారట. వాళ్ళకి ఫోటో స్టూడియో మంచిదని చెప్పి పంపించేస్తారు. ఈ ఒక్క విషయానికి నేను ఇంకో స్టార్ అదనంగా ఇచ్చేవాణ్ణి.

తొమ్మిదో వారంలో చూడ్డానికి రమ్మన్నారు, అప్పుడు కనిపించారు ఆ తమ్ముడుగారు. అన్నీ నాన్నవే, మనిషి మాత్రం నాన్న కాదు. ఏం తేడా అంటే నేను చెప్పలేకపోతున్నా. ఆవిడకీ ఎక్కడో తేడాగానే ఉందట కానీ దొరకలేదట. బొమ్మని తలకిందులు చేసి చూశారు, చిన్న అద్దంలో తిప్పి చూశారు, అద్దంలో చూడగానే నేను "ఇదిగో ఇదే నాన్న" అని అరిచాను. అప్పుడు ఇద్దరం నేను పంపిన ఫోటోలు తీశాం. మూతి దగ్గర దిద్దడానికి ఆవిడ వాడిన క్లోజప్ సెల్ఫీ కెమెరాతో తీసింది, నా ఫోన్ దాన్ని అద్దంలో బొమ్మలా తిప్పేసి దాచుకుంది. చొక్కా జేబు కుడివైపు ఉంది. మా నాన్న నోరు ఎడమ చివర కొద్దిగా కిందికి ఉంటుంది, ఇందులో కుడి చివర కిందికి ఉంది, అంతే తేడా. తప్పు నాదే, కాదనను. కానీ జేబు చూడటం ఆర్టిస్టు పని కూడా కదా, పైగా మూడుసార్లు మనిషి ఎదురుగా కూర్చున్నాక. ఆవిడ ఆ మాట ఒప్పుకుని, నా ఎదురుగానే పాలెట్ నైఫ్‌తో మూతి మొత్తం గీకేశారు. రెండు వారాల పని, అర నిమిషంలో పోయింది. నాకే ప్రాణం ఉసూరుమంది. నాలుగోసారి నాన్నని తీసుకురమ్మన్నారు, దానికి విడిగా డబ్బు తీసుకోలేదు.

ఆ నాలుగోసారి వల్లే బొమ్మకి ప్రాణం వచ్చిందని నా అభిప్రాయం. నాన్న కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటుంటే ఆవిడ "అలాగే ఉండండి మాస్టారూ" అన్నారు. ముక్కుకి రెండు పక్కలా కళ్ళజోడు ఒత్తి ఒత్తి పడ్డ గుంటలు. మా దగ్గరున్న ఏ ఫోటోలోనూ అవి లేవు, ఫోటో అంటే కళ్ళజోడు పెట్టుకునే దిగుతారు ఆయన. ఇప్పుడు బొమ్మలో కళ్ళజోడు చేతిలో ఉంది, ముక్కు పక్కన ఆ రెండు గుంటలు ఉన్నాయి, గోరంత నీడ, దాని కింద అంచున సన్నటి వెలుగు, రెండే రెండు కుంచె దెబ్బలు. మా చెల్లి బొమ్మ చూడగానే వేలు పెట్టబోయింది అక్కడే.

ఇప్పుడు చేతులు. కళ్ళజోడు పట్టుకున్న చెయ్యి పర్లేదు, ఒళ్ళో ఉన్న రెండో చెయ్యి మాత్రం గ్లవ్స్ తొడిగినట్టుంది. వేళ్ళు ఐదూ ఉన్నాయి, లోపల ఎముక లేదు. నలభై ఏళ్ళు సుద్దముక్క పట్టుకున్న చెయ్యి అది, చూపుడువేలు పక్కకి వంగి ఉంటుంది, ఆ వంపు రాలేదు. సొంతంగా నేర్చుకోవడంలో చిక్కు ఇక్కడే ఉందనుకుంటా, మనకి నచ్చినదాన్నే వందసార్లు సాధన చేస్తాం, కష్టమైనదాన్ని ఎవరూ నెత్తిన కూర్చుని చేయించరు. అద్దం ముందు కూర్చుంటే కనిపించేది మొహమే, చేతులు గీయడంలో బిజీగా ఉంటాయి. ఇదే మాట ఆవిడతో అంటే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత బార్గ్ ప్లేట్లలో చేతుల పేజీలు తీసి టేబుల్ మీద పెట్టుకున్నారు. బ్యాక్‌గ్రౌండ్ కూడా అంతంతమాత్రమే, ముదురు గోధుమరంగు పూసి వదిలేశారు, ఆవిడ బొమ్మలన్నిటికీ అదే గోడ.

సర్వీస్ విషయానికొస్తే, ఫోన్ ఎత్తరు. మెసేజ్‌కి రెండు టిక్కులూ నీలంగా మారతాయి, జవాబు మూడు రోజులకి వస్తుంది, ఈలోగా మనకి టెన్షన్. ఆలస్యమవుతుందని ముందే చెప్పి ఉంటే నాకు ఏ బాధా లేదు, మేం అడిగితే కానీ చెప్పలేదు. ధర సైజుని బట్టి, బొమ్మలో తలలు ఎన్ననేదాన్ని బట్టి ఉంటుంది, మాది పదహారు బై ఇరవై అంగుళాలు, ఒక్క తల. చేతులు వేయాలంటే విడిగా లెక్క, పైన చెప్పిన కారణానికి అవి వద్దని చెప్పి భుజాల దాకా వేయించుకోవడం మేలు. ఫ్రేము మనమే కట్టించుకోవాలి.

వెళ్ళేవాళ్ళు ఫోటోలు మాత్రం జాగ్రత్తగా తీసుకెళ్ళండి. సెల్ఫీ వద్దు. వెనక కెమెరాతో, ఐదారు అడుగుల దూరం నుంచి, కావాలంటే జూమ్ చేసి తీయండి, మరీ దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, బొమ్మలోనూ అలాగే వస్తుంది. ఒక పక్క నుంచి కిటికీ వెలుగు పడాలి, ఫ్లాష్ వేస్తే నీడలన్నీ చచ్చిపోతాయి. చర్మం నునుపు చేసే ఫిల్టర్ ఆపేయండి. మనిషిని ఒక్కసారైనా ఎదురుగా కూర్చోబెట్టగలిగితే మాత్రం ఆ అవకాశం వదులుకోవద్దు.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. వార్నిష్ ఇంకా వేయలేదు, లోపల రంగు పూర్తిగా గట్టిపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది కాబట్టి అప్పుడు ఆవిడే వచ్చి వేస్తానన్నారు. అప్పటిదాకా దుమ్ముపడితే మెత్తటి పొడి బ్రష్ తప్ప ఏదీ తాకించకూడదట. మా అమ్మ తడిగుడ్డ తీసుకుని బయల్దేరితే ఇప్పటికి రెండుసార్లు ఆపాను.