పన్నెండేళ్లు, 640 గంటలు: పాత సెస్నా 172తో నా కాపురం

అమెరికా నుంచి పాతపట్నం తిరిగి వచ్చిన వారంలోనే మా చెల్లెలి కొడుకు అడిగాడు: “మామయ్యా, నీ విమానం లీటరుకు ఎంత ఇచ్చేది?” ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం అంత సూటి ప్రశ్న పన్నెండేళ్లలో ఎవరూ వేయలేదనిపించింది. గంటకు ఎనిమిది గ్యాలన్లు, అంటే ముప్పై లీటర్లు తాగేది. వేగం 105 నాట్లు, అంటే గంటకు దాదాపు 195 కిలోమీటర్లు. లెక్క వేస్తే లీటరుకు ఆరు, ఆరున్నర. “మన పాత జీపే నయం కదా!” అన్నాడు వాడు. నయమే. కాకపోతే జీపు మిషిగన్ సరస్సును దాటలేదు.

2009లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో ఉండగా ముగ్గురు మిత్రులం కలిసి దీన్ని కొన్నాం. 1975లో తయారైన సెస్నా 172ఎం. నాలుగు సీట్లు, పైన రెక్క, ముందు 150 గుర్రాల లైకమింగ్ ఇంజను. 1956 నుంచి ఈ రకం విమానాలు 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో మరే విమానమూ అన్ని తయారు కాలేదు. అందువల్ల విడిభాగాలకు కరువు లేదు, దీన్ని విప్పి బిగించడం తెలియని మెకానిక్కూ లేడు. 2021లో అమ్మేసేనాటికి నా వాటాకు 640 గంటలు వచ్చాయి.

వేగం కోసం చూసేవారు ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. మా నాన్న నౌపడ నుంచి గుణుపురం పోయే చిన్న రైలులో గార్డుగా పనిచేశారు. ఇప్పుడది బ్రాడ్‌గేజి అయింది గానీ, అప్పట్లో పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. దిగి నడిచినా ఆ బండిని అందుకోవచ్చని ఊళ్లో వేళాకోళం ఉండేది. సెస్నా 172 సరిగ్గా అలాంటి బండి. నలభై నాట్ల ఎదురుగాలి వీచిన ఒక మార్చి నెలలో, కింద హైవే మీద కార్లు నన్ను దాటిపోతుంటే ఒక్కో కారునూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. చేతిలో పని ఉన్నవాడికి ఇది పనికిరాదు. గాలి అనుకూలించకపోతే రెండు రోజులు ఏదో ఒక చిన్న ఊళ్లో ఆగిపోయి, దానికి చిరాకు పడనివాడికే ఇది పనికొస్తుంది.

సీట్లు నాలుగే గానీ మనుషులు నలుగురు కాదు. ట్యాంకులు నింపాక మా విమానంలో మిగిలేది 295 కిలోల లోపే. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే సంచి పెట్టడానికి చోటు ఉండదు. ఉన్నా పెట్టకూడదు. అందుకే ఇద్దరు మనుషులు, ఒక టెంటు, రెండు సంచులు అన్నది మా నియమం. పెళ్లికి పిలిచినట్టు స్నేహితులు “మేమూ వస్తాం” అంటే, మొహమాటం లేకుండా బరువు అడగాల్సి వచ్చేది. కొందరితో మాటలు తగ్గిపోయాయి కూడా.

ఇబ్బందులు చెబుతాను. అవన్నీ వయసువో మావో తప్ప, పుట్టుకతో వచ్చినవి కావు. ఇంధనం మూతల రబ్బరు పాతబడితే వానకు ట్యాంకులోకి నీరు దిగుతుంది. బయలుదేరే ముందు ట్యాంకు అడుగున ఉన్న చిన్న కుళాయి నుంచి చిన్న గాజు గొట్టంలోకి పట్టి చూస్తే, ఏవ్‌గ్యాస్ అనే నీలం రంగు విమాన పెట్రోలు కింద నీరు వేరే ముద్దగా కనిపిస్తుంది. రబ్బరు మార్చడం వాయిదా వేసిన ఏడాది రోజూ ఆ ముద్దను చూశాను. రెండోది కార్బ్యురేటర్‌లో, అంటే ఇంధనాన్ని గాలితో కలిపే భాగంలో, మంచు. మంచు అనగానే చలికాలం అనుకుంటారు. నాకు ఎదురైంది జూన్‌లో, తేమగా ఉన్న సాయంత్రం, దిగడానికి శక్తి తగ్గించినప్పుడు. వేడిగాలి మీట లాగగానే ఇంజను ఇంకా గట్టిగా దగ్గింది. కరిగిన నీరు మింగుతోందన్నమాట. ఆ అర నిమిషం మీట వెనక్కి తోయకుండా ఓర్చుకోవాలి. చెప్పినంత సులువు కాదు.

మూడోది సీటు. ముందు సీట్లు పట్టాల మీద జరుగుతాయి. ఆ పట్టాల రంధ్రాలు అరిగితే సీటును కదలకుండా నిలిపే గూటం సరిగా కూర్చోదు. పరుగు తీసే వేళ సీటు వెనక్కి జారితే, పట్టుకున్న స్టీరింగే మనతో పాటు వెనక్కి వస్తుంది, విమానం ముక్కు ఎత్తేస్తుంది. అమెరికా విమానయాన శాఖ ఈ పట్టాల తనిఖీని తప్పనిసరి చేసింది. నాకు ఒకసారి రన్‌వే మీదే నాలుగు అంగుళాలు జారింది. గూటం పడిందో లేదో చూడకపోవడం నా తప్పే. ఆ తరువాత బయలుదేరే ప్రతిసారీ సీటును రెండుసార్లు కుదిపి చూసేవాణ్ని. ఇప్పటికీ ఆర్టీసీ బస్సులో కూడా కుదుపుతానని మా ఆవిడ ఫిర్యాదు.

ఇక తిరునాళ్ల సంగతి. ఎవరి విమానంలో వాళ్లు వచ్చి ఒకచోట చేరడాన్ని అక్కడ ఫ్లై-ఇన్ అంటారు. వేసవి శనివారాల్లో ఏ చిన్న విమానాశ్రయానికి పోయినా పాన్‌కేకులు కాలుస్తూ ఉంటారు. గంట ఎగిరి, రెండు తిని, విమానాల గురించి కబుర్లు చెప్పి తిరిగి వస్తాం. వాటన్నిటికీ పెద్దమ్మ విస్కాన్సిన్‌లోని ఓష్కోష్. 1953లో పాల్ పోబెరెజ్నీ మొదలుపెట్టిన సంఘం ఏటా జూలై చివర జరిపే ఉత్సవం ఇది. 1970 నుంచి స్థిరంగా అక్కడే. పది వేల విమానాలు ఆ ప్రాంతంలో దిగే ఆ వారం, ప్రపంచంలో మరే కంట్రోల్ టవర్‌కూ అంత పని ఉండదు. పైడితల్లమ్మ సిరిమాను తిరిగే రోజు మూడు లాంతర్ల దగ్గర జనం ఎలా ఉంటారో ఆకాశంలో విమానాలు అలా ఉంటాయి. తోసుకోవడానికి మాత్రం వీలులేదు.

2010లో మొదటిసారి వెళ్లాం. వానలకు మైదానమంతా బురదై విమానాలు నిలపడానికి చోటు లేక చాలామందిని పక్క ఊళ్లకు పంపారు. మేం ఫాండ్ డు లాక్‌లో దిగి బస్సెక్కాం. చెప్పులు రెండూ ఓష్కోష్ బురదకే ఇచ్చి వచ్చాను.

2013లో నాన్న అమెరికా వచ్చారు. అప్పటికే రిటైరై పదేళ్లు. ఓష్కోష్‌కు రావడానికి ఒప్పుకున్నారు, కానీ దారిలో ఉన్న మిషిగన్ సరస్సు మీదుగా వద్దని అమ్మ ఫోనులో ఆంక్ష పెట్టింది. షికాగో వైపు చుట్టి వెళ్లాం. అక్కడికి చేరే పద్ధతి విచిత్రం: రిపాన్ అనే ఊరి మీదకు వచ్చి, 1,800 అడుగుల ఎత్తులో, 90 నాట్ల వేగంతో, ముందున్న విమానానికి అర మైలు వెనక, ఫిస్క్ దాకా రైలు పట్టాల వెంట పోవాలి. ఫిస్క్‌లో నేల మీద నిలబడ్డ కంట్రోలర్లు మన విమానం రంగు చూసి పిలుస్తారు. జవాబు నోటితో చెప్పకూడదు, రెక్కలు ఊపాలి. రన్‌వే మీద రంగు చుక్కలు వేసి ఉంటాయి. ఏ చుక్క చెబితే దాని మీదే దిగాలి, ఒకే రన్‌వే మీద మన వెనకా ముందూ మరొకరు దిగుతుంటారు. నాకు అరచేతులు చెమటలు పట్టాయి. నాన్న మాత్రం కిటికీకి ముఖం ఆనించి, “ఒరే, పట్టా ఎడమ వైపు పోతోంది, నువ్వు కుడికి జరుగుతున్నావు” అని దారి చెబుతూనే ఉన్నారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి గార్డు పద్ధతిలో రాసుకున్నారు: రిపాన్ 10-42, ఫిస్క్ 10-48. ఆకుపచ్చ చుక్క మీద దిగాక ఆయన మొదట అడిగింది, వెనక వచ్చేవాడికి సిగ్నల్ ఎవరిస్తున్నారని.

రాత్రి రెక్క కిందే టెంటు వేసి పడుకున్నాం. పలాస జీడిపప్పు పొట్లం పక్క విమానాల వాళ్లకు పంచితే, ఉదయానికి మా రెక్క కింద కాఫీ కప్పులతో అరడజను మంది.

సరస్సును సూటిగా దాటడం తరువాతి సంవత్సరాల్లో అలవాటైంది. లడింగ్టన్, మానిటవాక్ మధ్య దాదాపు వంద కిలోమీటర్ల నీరు. 9,500 అడుగుల ఎత్తులో ఇంజను ఆగితే ఈ విమానం జారుతూ పాతిక కిలోమీటర్ల దాకా పోగలదు. అంటే నడిమధ్య పావుగంట సేపు ఏ ఒడ్డూ అందదు. ఆ పావుగంట ఇంజను చప్పుడు తేడాగా వినిపిస్తుంది. ఏమీ ఉండదు, చెవులదే తప్పు. కింద అదే దారిలో బ్యాడ్జర్ అనే ఆవిరి ఓడ తిరుగుతుంది. ఒకప్పుడు రైలు పెట్టెలను మోసిన ఓడ అని చెబితే నాన్న ఫోటో పంపమన్నారు.

సరిహద్దు దాటడం గురించే నన్ను ఎక్కువమంది అడుగుతారు. పాతపట్నంలో పెరిగినవాళ్లకు సరిహద్దు అంటే పర్లాకిమిడి బజారుకు పోయి రావడమే. కెనడా అలా కాదు, అయినా భయపడినంతా లేదు. నేను ఎక్కువగా వెళ్లింది ఒంటారియోలోని లండన్‌కు. గంటా పది నిమిషాలు. పాస్‌పోర్టుతో పాటు విమానం కాగితాలు, రేడియోకు ఒక లైసెన్సు, రేడియోలో మాట్లాడే మనిషికి మరొకటి కావాలి. అమెరికాలో ఎగిరినంతకాలం ఆ రెండు లైసెన్సులూ ఎవరూ అడగరు, సరిహద్దు దాటితేనే అవసరం. విమానానికి ఏటా కస్టమ్స్ రుసుము కట్టి స్టిక్కర్ అంటించాలి. బయలుదేరడానికి కనీసం గంట ముందు ప్రయాణికుల వివరాలు ఈఏపీఐఎస్ అనే వెబ్‌సైటులో నింపాలి. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. కెనడా సరిహద్దు అధికారులకు రెండు గంటలు ముందుగా ఫోను. ఫ్లయిట్ ప్లాన్, అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి ఏ వేళకు పోతామో ముందే ఇచ్చే వివరం, తప్పనిసరి.

మొదటిసారి లండన్‌లో దిగి, విమానం పక్కనే నిలబడి ఆ అధికారులకు ఫోను చేశాను. రెండు ప్రశ్నలు అడిగి, ఒక నంబరు చెప్పి రాసుకోమన్నారు. అధికారి రాలేదు. దేశం మారిపోయింది. పెట్రోలు బంకు మాత్రం గ్యాలన్లు వదిలి లీటర్లలో అమ్ముతోంది.

తిరుగు ప్రయాణంలో అంత ఉదారం ఉండదు. చెప్పిన విమానాశ్రయంలో, చెప్పిన వేళకు దిగి, అధికారి వచ్చేదాకా విమానంలోనే కూర్చోవాలి. ఒకసారి ఎదురుగాలికి పాతిక నిమిషాలు ఆలస్యమైంది. పొద్దున తాగిన కాఫీ అప్పటికే తొందర పెడుతోంది. ఇంజను ఆపగానే తలుపు తీసి కాలు కింద పెట్టాను. దూరం నుంచి ఒక్క కేక: “లోపలికి!” కాలు లోపలికి తీసుకుని, మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని, కాగితాలన్నీ చూసేదాకా మరో పదిహేను నిమిషాలు కూర్చున్నాను. దేశాలు దాటే పైలట్లకు నేనిచ్చే సలహా కాఫీ గురించే.

ఖర్చు విషయంలో ఒక్క మాట: ముగ్గురం కాబట్టి నెగ్గుకొచ్చాం. నిలిపే చోటు, బీమా, ఏటా విప్పి చూసే తనిఖీ, ఇవి ఎగిరినా ఎగరకపోయినా ఆగవు. 2020 జనవరి నుంచి విమానం తన స్థానాన్ని తానే ప్రసారం చేసే పరికరం ఉంటే తప్ప చాలా చోట్లకు రానివ్వరు. ఆ ఏడాది మా ఓష్కోష్ డబ్బు దానికే పోయింది. ఉత్సవమూ కరోనా వల్ల జరగలేదు లెండి.

భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని ఇప్పుడు మా వైపు పిల్లలందరికీ విమానాల మీద మనసు పడింది. విజయనగరం నుంచి ఒకరు, శ్రీకాకుళం నుంచి ఒకరు పౌర విమానయాన మంత్రులయ్యారు కూడా. మా వాడికి మాత్రం ఉన్నమాట చెప్పాను. అక్కడ మబ్బు లేని రోజున ఎవరికీ చెప్పకుండా పక్క ఊరికి ఎగిరిపోయేవాణ్ని. ఇక్కడ ఒక ఊరి నుంచి మరో ఊరికి పోవాలన్నా ఫ్లయిట్ ప్లాన్ ఇచ్చి, గగనతల రక్షణ అనుమతి నంబరు తీసుకోవాలి. కెనడాకు పోయేటప్పుడు నేను పడిన పాట్లు ఇక్కడ రోజూ పడాలి. విశాఖలో రన్‌వే నౌకాదళానిది. లైసెన్సుకు కనీసం నలభై గంటల శిక్షణ. “మరి నువ్వు ఇక్కడ ఎక్కడ నిలుపుతావు మామయ్యా?” అన్నాడు. అందుకే అమ్మేశాను అన్నాను.

కొనడానికి ఒక కుర్రవాడు వచ్చాడు, మొదటి విమానమట. ఇంజను ఎన్ని గంటలు తిరిగింది, రంగు ఎప్పుడు వేశారు, రేడియో ఏ రకం అని అడుగుతాడనుకుని కాగితాలు సర్ది పెట్టుకున్నాను. అవేమీ అడగలేదు. తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి సీటు పట్టాల రంధ్రాలను వేలితో ఒక్కొక్కటే తడిమి చూశాడు. వాడు చెప్పిన ధరకే ఇచ్చేశాం.