స్టీవ్ రైష్ ‘మ్యూజిక్ ఫర్ 18 మ్యూజిషియన్స్’: ఏ సీడీ కొనాలి, ఎందుకు కొనాలి

మినిమలిస్టు సంగీతం (చిన్న స్వరాల ముక్కల్ని మళ్లీ మళ్లీ వాయిస్తూ మెల్లగా మార్చే పద్ధతి) అనగానే చాలామంది అనే మాట ఒకటుంది: ‘అదంతా మెషీన్ మోత, వాయించిందే వాయిస్తారు’ అని. ఆ మాట అన్న ప్రతి ఒక్కరికీ నేను ఈ సీడీ ఇస్తాను. అమెరికన్ కంపోజర్ స్టీవ్ రైష్ రాసిన ‘మ్యూజిక్ ఫర్ 18 మ్యూజిషియన్స్’, ఈసీఎం కంపెనీ 1978లో తెచ్చిన రికార్డింగు. 56 నిమిషాలు, ఒకే ట్రాకు. అమెరికన్ క్లాసికల్ సంగీతంలో ఒక్కటే కొనమంటే నేను ఇదే కొనమంటాను.

నేను న్యూజెర్సీలో మన పిల్లలకి మృదంగం నేర్పుతాను. కాలప్రమాణం, అంటే ఒకే వేగం, నిలబెట్టుకోవడం ఎంత కష్టమో రోజూ కళ్లారా చూస్తాను. మంచి చేయి ఉన్న పిల్లలు కూడా తని ఆవర్తనంలో (మృదంగం ఒంటరిగా వాయించే భాగంలో) ఊపొచ్చిందంటే పరుగెత్తేస్తారు. ఇక్కడ నాలుగు పియానోలు, మరింబాలు, జైలోఫోన్లు (పుల్లలతో కొట్టే చెక్క పలకల వాయిద్యాలు) దాదాపు గంటసేపు ఒకే కాలంలో నడుస్తాయి. డ్రమ్ము లేదు. చెయ్యి ఊపి నడిపించే కండక్టరూ లేడు. మరి ఎక్కడ మారాలో అందరికీ ఎలా తెలుస్తుంది? లోహపు పలకలుండే వైబ్రాఫోన్ వాయించే మనిషి ఒక చిన్న స్వరాల ముక్క ఒక్కసారి వాయిస్తాడు. అది సైగ. దాన్ని విని అందరూ ముందుకు కదులుతారు. బాలి ద్వీపపు గామెలాన్ వాద్యబృందాల్లో, పశ్చిమాఫ్రికా డ్రమ్ములలో ఉన్న పద్ధతి ఇది. రెండోసారి వినేటప్పుడు ఆ వైబ్రాఫోన్‌నే పట్టుకుని వినండి, లోపలి కట్టడమంతా తెరుచుకుంటుంది.

అసలు విషయం ఆ తాళం మీద జరిగేది. బాస్ క్లారినెట్లు (మంద్రంగా పలికే ఊదే వాయిద్యాలు), ఆడవాళ్ల గొంతులు ఒకే స్వరాన్ని వెంటవెంటనే పలుకుతూ మెల్లగా పెంచి మెల్లగా తగ్గిస్తాయి. ఎంతసేపు పలకాలో తాళం దెబ్బలు లెక్కపెట్టి రాయలేదు. ఊపిరి ఉన్నంతసేపు, అంతే. అందుకే ఇది ఎప్పుడు వాయించినా ఒకే నిడివి రాదు. కింద తాళం అణువంత కదలదు, పైన మనిషి ఊపిరి తన దారిన వచ్చిపోతుంది. ఈ రెండు కాలాలూ ఒకేసారి చెవిన పడటం నాకు ఇంకెక్కడా ఇంత స్పష్టంగా దొరకలేదు. దీన్ని మెషీన్ అనేవాళ్లు ఆ గొంతుల్ని ఇంకా వినలేదనే నా నమ్మకం.

మొత్తం 11 కార్డుల (chords, అంటే ఒకేసారి కలిసి పలికే స్వరాల గుంపులు) మీద కట్టిన రచన. మొదటి ఐదు నిమిషాల్లో 11 కార్డులూ వరుసగా, ఒక్కోటి రెండు ఊపిళ్లంత సేపు వినిపిస్తాయి. తర్వాత ఒక్కో కార్డూ విడిగా ఒక చిన్న రచనగా విచ్చుకుంటుంది. చివర్లో మళ్లీ 11 కార్డులు. అప్పటిదాకా తను రాసిన ఏ పూర్తి రచనలోనూ ఈ మొదటి ఐదు నిమిషాల్లో ఉన్నంత హార్మనీ కదలిక, అంటే కార్డులు మారడం, లేదని రైష్ స్వయంగా రాసుకున్నాడు.

ఆయన ఇక్కడికి వచ్చిన దారి కూడా తెలిస్తే వినడం ఇంకా బాగుంటుంది. 1936లో న్యూయార్క్‌లో పుట్టాడు. కార్నెల్‌లో ఫిలాసఫీ చదివి, జూలియార్డ్‌కి, ఆ తర్వాత కాలిఫోర్నియాలో మిల్స్ కాలేజీకి వెళ్లాడు. అమెరికా యూనివర్సిటీలలో అప్పుడు సీరియలిజం (ఆధార శ్రుతి లేకుండా, ముందే వేసుకున్న స్వరాల వరుసతో రాసే పద్ధతి) రాజ్యమేలుతోంది. శ్రుతి, లయ పట్టుకుని రాస్తానంటే వెనకబడినవాడి కింద లెక్క. మిల్స్‌లో గురువు లూచానో బెరియో, నీకు టోనల్ (శ్రుతి పట్టుకుని నడిచే) సంగీతం రాయాలనుంటే అదే రాయొచ్చు కదా అన్నాడట. గురువంటే అలా ఉండాలి. 1965లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధి బోధకుడి గొంతు ఉన్న టేపుని రెండు మెషీన్ల మీద ఒకేసారి తిప్పితే, ఒకటి కొంచెం కొంచెంగా ముందుకు జరిగింది. ఆ జరగడంలోంచే ‘ఇట్స్ గొన్నా రెయిన్’ పుట్టింది. 1970లో ఘనా వెళ్లి అక్కడి ఎవే జాతివాళ్ల డ్రమ్ములు నేర్చుకున్నాడు. ‘18 మ్యూజిషియన్స్’ మొదటి కచేరీ 1976 ఏప్రిల్‌లో, న్యూయార్క్ టౌన్ హాల్‌లో.

ఇక ఏ సీడీ? నాన్‌సచ్ కంపెనీ కోసం రైష్ బృందమే మళ్లీ వాయించిన రికార్డింగు 1998లో వచ్చింది. 67 నిమిషాలు, 14 ట్రాకులు. దానికి గ్రామీ కూడా వచ్చింది. అందులో ప్రతి వాయిద్యం విడివిడిగా తెలుస్తుంది, కావలసిన భాగానికి నేరుగా వెళ్లొచ్చు. క్లాసులో పిల్లలకి వినిపించడానికి నేను అదే వాడతాను. కానీ ఇంట్లో కూర్చుని వినడానికి మాత్రం ఈసీఎం. ఇందులో బిగువు ఎక్కువ. అప్పటికి కొత్త రచన కదా, వాయించేవాళ్లలో ఆ చురుకు వినిపిస్తుంది. ఒకే ట్రాకు కావడం వల్ల మధ్యలోంచి మొదలుపెట్టలేం, అది కూడా దీనికి మేలే చేసింది. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, బాస్ క్లారినెట్లు అసలు వినపడవు.

చాలా ఏళ్లపాటు దీనికి పూర్తి స్కోరే (అందరి భాగాలూ స్వరాలతో రాసిన ప్రతి) లేదు. ఒక్కొక్కరి చేతిలో తమ భాగం గుర్తులు, మిగతాదంతా రిహార్సల్స్‌లో ఒకరి నుంచి ఒకరికి నోటిమాటగా. మన సంప్రదాయంలో నేర్చుకున్నవాళ్లకి ఇది వింతగా అనిపించదు. 1990లలో మార్క్ మెలిట్స్ అనే కంపోజర్ కూర్చుని స్కోరు తయారుచేశాకే ఇది బయటివాళ్లకి అందింది. 2007కల్లా మిషిగన్‌లోని గ్రాండ్ వ్యాలీ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులు సొంతంగా రికార్డు చేసి విడుదల చేశారు. రైష్ ప్రభావం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ పిల్లలే, 2009లో ‘డబుల్ సెక్స్‌టెట్’కి వచ్చిన పులిట్జర్ ఆ తర్వాతే. కంపోజర్ తనే బృందం పెట్టుకుని, ఆర్ట్ గ్యాలరీల్లో, మ్యూజియంలలో తనే వాయించుకోవచ్చని ఆయనా, మరో మినిమలిస్టు కంపోజర్ ఫిలిప్ గ్లాసూ చేసి చూపించారు. 1987లో న్యూయార్క్‌లో మొదలైన ‘బ్యాంగ్ ఆన్ ఎ క్యాన్’ అనే కొత్త సంగీత సంస్థ ఆ దారినే నడిచింది.

రాగం విస్తరించి పాడితేనే సంగీతం అనుకునేవాళ్లకి మొదటి పది నిమిషాలు కష్టంగానే ఉంటాయి. ఇందులో పొడవైన పాట లేదు, చిన్న చిన్న స్వరాల ముక్కలే. లయ మీద ఇష్టం ఉన్నవాళ్లయితే ఆలోచించక్కర్లేదు. ఇది నచ్చితే తర్వాత 1971 నాటి ‘డ్రమ్మింగ్’ వినండి. 1988లో రాసిన ‘డిఫరెంట్ ట్రైన్స్’ మాత్రం వెంటనే మొదలుపెట్టకండి. అందులో హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) నుంచి బతికి బయటపడ్డవాళ్ల నిజమైన గొంతులున్నాయి, దానికి వేరే రోజు కేటాయించాలి.