డీ800, డీ810, 5డీఎస్ ఆర్, డీ850: పాత హై రిజల్యూషన్ డీఎస్ఎల్ఆర్‌లలో ఏది మేలు?

పెళ్లి ఫొటోగ్రాఫర్లు చాలామంది లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి మారిపోయారు. ఒకప్పుడు లక్షల్లో పలికిన ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు సెన్సర్ ఉన్న) డీఎస్ఎల్ఆర్ బాడీలు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో ఓ మామూలు కొత్త కెమెరా ధరకే దొరుకుతున్నాయి. అందుకే 36, 45, 50 మెగాపిక్సెళ్లు అని చూడగానే చేయి లాగుతుంది. నికాన్ డీ800 (2012), డీ810 (2014), కానన్ 5డీఎస్ ఆర్ (2015), నికాన్ డీ850 (2017), ఈ నాలుగింటి మధ్యే అసలు పోటీ. పెంటాక్స్ కే-1 కూడా మంచిదే కానీ దానికి లెన్సులు, సర్వీసు మన దగ్గర వెతుక్కోవడమే ఓ పని, కాబట్టి వదిలేస్తున్నా. నా ఓటు డీ810కి. అది ఎవరికి పనికిరాదో కూడా చెప్తా.

ముందు మెగాపిక్సెళ్ల లెక్క. 24 నుంచి 36కి వెళ్తే ఒకటిన్నర రెట్లు కదా అనిపిస్తుంది, కానీ ఫొటో పొడవులో చూస్తే 6000 పిక్సెళ్లు 7360 అయ్యాయి, అంటే పెరిగింది 23 శాతమే. డీ810 నుంచి డీ850కి వెళ్తే 12 శాతం, 5డీఎస్ ఆర్‌కి వెళ్తే 18 శాతం. 300 డీపీఐలో ప్రింట్ తీస్తే డీ810 ఫొటో సుమారు 24×16 అంగుళాలు వస్తుంది, 5డీఎస్ ఆర్‌ది 29×19. 12×36 కరిజ్మా ఆల్బమ్‌లో ఒక పేజీ అంటే 12×18, దానికి 20 మెగాపిక్సెళ్లు సరిపోతాయి. ఫ్లెక్సీకైతే ఇంకా తక్కువ చాలు, దాన్ని ఎవరూ దగ్గరికెళ్లి ముక్కు ఆనించి చూడరు. కాబట్టి ఈ కెమెరాలు నిజంగా కావలసింది గోడంత ప్రింట్లు తీసేవాళ్లకి, శిల్పాలు, కుడ్యచిత్రాలు, పాత తాళపత్రాల్లాంటివి వివరంగా రికార్డు చేసేవాళ్లకి, ల్యాండ్‌స్కేప్ పిచ్చి ఉన్నవాళ్లకి, తర్వాత క్రాప్ చేసుకునే అలవాటు ఉన్నవాళ్లకి. మిగతావాళ్లకి హార్డ్ డిస్క్ ఖర్చు తప్ప వచ్చేదేమీ లేదు.

డీ800, డీ810 రెండూ 36.3 మెగాపిక్సెళ్లే. స్పెక్స్ పక్కపక్కన పెట్టి చూస్తే "ఇంతేనా తేడా, చవకైనదే కొందాం" అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ రెండింటి మధ్య తేడానే అన్నిటికంటే పెద్దది. డీ800 మిర్రర్ గట్టిగా కొడుతుంది. ట్రైపాడ్ మీద పెట్టి 1/8, 1/15 లాంటి స్పీడుల్లో తీస్తే ఆ అదురు ఫొటోలో కనిపిస్తుంది, మిర్రర్ ముందే పైకి లేపినా షట్టర్ తెర కదిలే అదురు మిగులుతుంది. డీ810లో ఆ మిర్రర్ యంత్రాంగాన్ని మళ్లీ డిజైన్ చేశారు, శబ్దం కూడా మెత్తబడింది. పైగా ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ ఇచ్చారు, అంటే ఎక్స్‌పోజర్ మొదలయ్యేటప్పుడు లోపల ఏ తెరా కదలదు. కాకపోతే అది మిర్రర్ అప్ మోడ్‌లోనే పనిచేస్తుంది, మెనూలో కస్టమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి, ఏళ్ల తరబడి వాడుతూ కూడా ఆ సంగతి తెలియనివాళ్లు ఉన్నారు. ఇంకోటి లైవ్ వ్యూ, అంటే వెనక తెర మీద చూస్తూ తీయడం. డీ800లో జూమ్ చేస్తే బొమ్మ అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది, మాన్యువల్ ఫోకస్ చేసేవాళ్లకి నరకం. డీ810లో శుభ్రంగా కనిపిస్తుంది. 36 మెగాపిక్సెళ్ల ఫొటోలో ఫోకస్ వెంట్రుకవాసి తప్పినా తెలిసిపోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

బేస్ ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురు గ్రహించే స్థాయుల్లో అన్నిటికంటే కిందిది) సంగతి కూడా ఉంది. డీ800 మొదలయ్యేది 100 దగ్గర, డీ810 అసలైన 64 దగ్గర. తెల్లవారి గండికోట అంచున నిలబడి పెన్నా లోయనీ, పైన ఎర్రబడ్డ ఆకాశాన్నీ ఒకే ఫ్రేములో పట్టాలంటే సెన్సర్ ఎంత ఎక్కువ వెలుతురు మింగగలిగితే అంత శుభ్రమైన ఫైలు వస్తుంది. 64కీ 100కీ మధ్య స్టాపులో మూడింట రెండు వంతుల తేడా (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం). దానికి తోడు డీ810లో హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ వచ్చింది, ఆకాశం తెల్లగా పేలిపోకుండా అదే చూసుకుంటుంది, నీడల్ని తర్వాత కంప్యూటర్‌లో పైకి లాక్కోవచ్చు. డీ800 మరీ చవగ్గా దొరికి, మీ పని ఎక్కువగా స్టూడియోలో ఫ్లాష్ వెలుగులో అయితే తీసుకోండి, అక్కడ ఫ్లాషే కదలికని ఆపేస్తుంది కాబట్టి ఈ అదురు గొడవ లేదు.

ఇక కానన్. 5డీఎస్ ఆర్ 50.6 మెగాపిక్సెళ్లు, ఈ నాలుగింటిలో అదే పెద్దది. వివరం విషయంలో వంక పెట్టలేం. మిర్రర్‌ని స్ప్రింగులకి వదిలేయకుండా మోటారు, క్యామ్‌లతో అదుపులో నడుపుతారు, మిర్రర్ లేచాక ఎంతసేపు ఆగి తీయాలో సెకనులో ఎనిమిదో వంతు నుంచి మనమే పెట్టుకోవచ్చు. ఇంత శ్రద్ధగా చేసినా సెన్సర్ దగ్గర వెనకబడింది. సెన్సర్లని పరీక్షించే డీఎక్స్ఓ కొలతల్లో డీ810 డైనమిక్ రేంజ్ (ఒకే ఫొటోలో నీడ నుంచి వెలుగు దాకా పట్టగల పరిధి) 14.8 స్టాపులు, 5డీఎస్ ఆర్‌ది 12.4. కాగితం మీద చూస్తే చిన్న అంకెలే. రామప్ప గుడి దగ్గరికి తీసుకెళ్లండి, తెలుస్తుంది. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలు నిగనిగలాడే నల్లరాయి, వాటి వెనక మధ్యాహ్నపు తెల్లటి ఆకాశం. ఆకాశం నిలవాలని ఎక్స్‌పోజ్ చేస్తే శిల్పం నల్లటి ముద్ద అవుతుంది. ఆ ముద్దలోంచి నగల చెక్కడాన్ని డీ810 ఫైలు దాదాపు మచ్చ లేకుండా బయటికి తీస్తుంది. 5డీఎస్ ఆర్ ఫైల్లో నీడల్ని మూడు, నాలుగు స్టాపులు లాగితే గరుకు వస్తుంది, ఒక్కోసారి చారలు కూడా. మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలుపుకోవచ్చు అంటారు, నిజమే, ట్రైపాడ్ ఉంటే. కానీ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో అనుమతి లేనిదే ట్రైపాడ్ పెట్టనివ్వరు కదా.

ఆ ట్రైపాడ్ నిబంధనే మన దగ్గర ఈ కెమెరాలకి అసలు పరీక్ష అంటాను. లేపాక్షి నాట్యమండపం పైకప్పు మీది విజయనగర కాలం చిత్రాలే తీసుకోండి. లోపల వెలుతురు తక్కువ, రంగులు దెబ్బతింటాయి కాబట్టి ఫ్లాష్ వేయకూడదు, ట్రైపాడ్ లేదు. ఐఎస్ఓ పెంచాల్సిందే. 5డీఎస్ ఆర్ మామూలు పరిధి 6400 దగ్గర ఆగిపోతుంది, డీ810 12800 దాకా, డీ850 25600 దాకా వెళ్తాయి. ఏదైనా సరే 3200 దాటాక ఆ అదనపు పిక్సెళ్లలో ఉండేది ఎక్కువ నాయిసే (గరుకే), వివరం కాదు. చేత్తో పట్టుకుని తీస్తే 50 ఎంఎంకి 1/50 చాలన్న పాత సూత్రం ఇక్కడ చెల్లదు, కనీసం 1/100, 1/125 కావాలి (అది కూడా వంద శాతం జూమ్ చేసి చూసుకునేవాళ్లకే సుమా, ఒకే సైజు ప్రింట్ తీస్తే 24లో ఎంత అదిరిందో 36లోనూ అంతే కనిపిస్తుంది, ఎక్కువ పిక్సెళ్లు అదురుని పెంచవు, చూపిస్తాయంతే). ఇలాంటి చోట ఓ ఉపాయం ఉంది. కెమెరాని వెల్లకిలా ఒక మెత్తటి గుడ్డ మీద నేల మీదే పెట్టి, వైడ్ లెన్స్ పైకి చూసేలా చేసి, ఫోకస్ ముందే కుదుర్చుకుని, నికాన్‌లో ఎక్స్‌పోజర్ డిలే 3 సెకన్లు, కానన్‌లో మిర్రర్ లాకప్‌తో 2 సెకన్ల టైమర్ పెట్టి వదిలేయండి. బేస్ ఐఎస్ఓలో ఒక సెకను ఎక్స్‌పోజర్ కూడా రాయిలా నిలబడుతుంది. కాపలాదారుని ముందు ఒక మాట అడగండి, మంచిగా అడిగితే ఇబ్బంది ఉండదు.

మోయిరే గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మనం తీసేవాటిలో సగం చీరలే. డీ810లో, డీ850లో సెన్సర్ ముందు మోయిరేని ఆపడానికి పెట్టే మసక ఫిల్టర్ లేదు, 5డీఎస్ ఆర్‌లోనూ డీ800కి కవల అయిన డీ800ఈలోనూ ఫిల్టర్ పనిని రద్దు చేశారు. దీనివల్ల రాయి మీద, ఆకు మీద పదును వస్తుంది. కానీ సన్న గళ్ల మంగళగిరి చీర, జరీ అంచు, సన్న చారల చొక్కా ఒక దూరంలో పడితే లేని రంగుల అలలు తేలతాయి, అదే మోయిరే. పెళ్లిళ్లే మీ పని అయితే ఫిల్టర్ ఉన్న మామూలు 5డీఎస్ గానీ డీ800 గానీ తలనొప్పి తగ్గిస్తాయి.

డీ850 ఈ నాలుగింటిలో ఉత్తమం, అందులో వాదన లేదు. 45.7 మెగాపిక్సెళ్లు, ఐఎస్ఓ 64, సెకనుకి 7 ఫొటోలు, డీ810లోని 51 బదులు 153 ఫోకస్ పాయింట్లు, వంచుకునే టచ్ స్క్రీన్, చీకట్లో వెలిగే బటన్లు, లెన్స్ ఫోకస్‌ని కెమెరాయే సరిచేసుకునే ఆటో ఫైన్ ట్యూన్. ఉప్పలపాడు, నేలపట్టు తిరిగి పక్షులు తీసేవాళ్లైతే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, సెన్సర్ మధ్య భాగాన్నే వాడే డీఎక్స్ క్రాప్‌లో కూడా 19 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. చిక్కల్లా ధర. సెకండ్‌హ్యాండ్‌లో డీ810కి అటూఇటూగా రెట్టింపు అడుగుతారు. గుళ్లు, కొండలు, పోర్ట్రెయిట్లు తీసేవాళ్లు ఆ మిగిలిన సగం డబ్బు లెన్స్ మీద పెడితే ఫొటోలో ఎక్కువ తేడా కనిపిస్తుంది. కిట్ జూమ్ బిగించిన 45 మెగాపిక్సెళ్ల కంటే మంచి ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) బిగించిన 36 మెగాపిక్సెళ్లే నయం. ఈ మాట నాదొక్కడిదే కాదు, డీ800 వచ్చినప్పుడు నికాన్, 5డీఎస్ వచ్చినప్పుడు కానన్ ఏ లెన్సులు తగినవో జాబితాలు ఇచ్చాయంటేనే ఆలోచించండి.

లెన్సుల దగ్గరే ఇంకో తిరకాసు. ఇంట్లో పాత ఏఎఫ్-డీ లెన్సులు, అంటే 50 ఎంఎం 1.8డీ, 80-200 2.8డీ లాంటివి పడి ఉంటే నికాన్ డీఎస్ఎల్ఆరే తీసుకోండి. ఆ లెన్సుల్లో ఫోకస్ మోటారు ఉండదు, ఈ మూడు నికాన్ల బాడీలో ఉంది, నికాన్ మిర్రర్‌లెస్‌కి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడితే అవే లెన్సులకి ఆటోఫోకస్ పోతుంది. కానన్ ఈఎఫ్ లెన్సులు ఇప్పటికే బ్యాగు నిండా ఉన్నవాళ్లు నా మాట పక్కన పెట్టి 5డీఎస్ ఆర్ కొనుక్కోవచ్చు, రేపు మిర్రర్‌లెస్‌కి వెళ్లినా ఆ లెన్సులు అడాప్టర్ మీద బాగా నడుస్తాయి.

మరి అదే డబ్బుకి కొత్త 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్? పరుగెత్తే పిల్లలు, వీడియో, ఫంక్షన్లు అంటే అదే కొనండి. కంటిని పట్టుకుని వదలని ఆటోఫోకస్ ముందు ఈ పాతవి నిలవవు.

కొనేటప్పుడు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో ఆ లెక్క) అడగండి. నికాన్లు మూడూ రెండు లక్షలకి, కానన్ లక్షన్నరకి పరీక్షించినవి. నికాన్‌లో ఒక ఫొటో తీసి ఎగ్జిఫ్‌లో (ఫైల్లోనే దాగి ఉండే వివరాల్లో) చూస్తే తెలిసిపోతుంది, 5డీఎస్‌లో అలా రాదు, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. డీ800లో 1.8 లెన్స్ పెట్టి ఎడమ చివరి ఫోకస్ పాయింటుతో ఒకటి, మధ్యదానితో ఒకటి తీసి పోల్చండి, 2012లో వచ్చిన తొలి పీసుల్లో ఎడమవైపు ఫోకస్ తప్పేది. డీ850 కాకపోతే సీఎఫ్ కార్డు స్లాట్‌లో సూదులు వంగాయేమో టార్చ్ వేసి చూడండి. విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చిన పీసైతే గ్రిప్ రబ్బరు ఉబ్బిందా, లెన్స్ లోపల ఫంగస్ ఉందా అని చూడటం మరిచిపోవద్దు. డీ810 అయితే ట్రైపాడ్ సాకెట్ లోపల నల్ల చుక్క కోసం వెతకండి. మొదట్లో వచ్చినవాటికి లాంగ్ ఎక్స్‌పోజర్‌లో తెల్ల చుక్కలు పడేవి, నికాన్ వాటిని వెనక్కి పిలిచి సరిచేసింది, ఆ చుక్క ఉంటే ఆ గొడవ లేనిదని గుర్తు. చుక్క కనపడకపోతే లెన్స్ క్యాప్ పెట్టి 30 సెకన్లు తీసి, ఫొటోని వంద శాతం జూమ్ చేసి చూశాకే డబ్బు ఇవ్వండి.